జుట్టోని బోనం

తడిసిన వేపాకు వాసన.

పసుపు పూసిన కొత్తకుండ. కుండ చుట్టూ వేపమండలు. పైన మూకుడులో చిన్న దీపం — ఆషాఢపు ముసురుకు వణుకుతోంది, ఆరడం లేదు. లోపల పసుపన్నం ఇంకా వేడిగానే ఉంది. ఆ వేడి బట్టచుట్టను దాటి శైలజ నడినెత్తికి తగులుతోంది.

బోనం ఎత్తుకున్నవాళ్లు మెడ తిప్పకూడదు. ముందుకే చూడాలి.

అదే మంచిదైంది. వెనక్కి చూసే ముఖం ఆమెకు లేదు.

వెనకాల నాలుగడుగుల దూరంలో అవ్వ వస్తోంది. కన్నతల్లి బాలమణి. సిద్దిపేటలో ఈ నేతవాడ సందుల్లో ముప్పై ఏళ్లకు పైగా తనే మోసిన బోనం. ఈ ఏడు మోకాళ్లు మొరాయించాయి. కూతురి నెత్తికెత్తింది.

"దీపం పైలం బిడ్డా," అంటోంది వెనక నుంచి. "పోచమ్మ కాడ మనోళ్ల పేర్లు జెప్పినంక… గాయన పేరు గూడ జెప్పు. మర్శిపోకు."

గాయన అంటే జుట్టోడు.

మరిచిపోవడమా… ఇరవై ఆరేళ్లుగా శైలజ మరిచిపోవాలనే చూస్తోంది.

అప్పుడు ఆమెకు పన్నెండేళ్లు.

వాడలో కేబుల్ ఉన్న ఇల్లు ఒక్కటే. భూములున్న ప్రమీలాదేవి గారిది. వాళ్లమ్మాయి ప్రవీణ, శైలజ ఒకే క్లాసు. శనివారం సాయంత్రం అయిదు కొడితే ఆ ఇంట్లో రెజ్లింగు.

పొగ. మంటలు. చెవులు చిల్లులు పడే పాట. మెరుపుల కోట్లు వేసుకుని, కొండకు కాళ్లొచ్చినట్టు నడిచి వచ్చే మనుషులు. ఎవరికీ ఒక్క ముక్క అర్థంకాని ఇంగ్లీషులో ఇద్దరు గొంతు చించుకునేవాళ్లు. చారల చొక్కా ఆయన బోర్లా పడి, అరచేత్తో నేలను కొట్టేవాడు —

ఒకటి. రెండు…

ఇంట్లో చేరిన జనమంతా ఊపిరి బిగబట్టేవాళ్లు.

ప్రవీణ దగ్గర ఆ పహిల్వాన్ల బొమ్మలున్న ట్రంప్ కార్డులు కూడా ఉండేవి. ఎత్తెంత, బరువెంత, ఛాతీ ఎంత… బడిలో ఒక్క పద్యం అప్పజెప్పలేని మొద్దులు కూడా అవి మాత్రం గడగడా చెప్పేవాళ్లు.

ప్రవీణ దీవాన్ మీద కూర్చునేది. శైలజ కింద, గచ్చు మీద. అవ్వ ఇంకా వెనక, గడప అవతల.

అవ్వ చేతులకు గంజి వాసన. పొద్దంతా చరఖా తిప్పి నేతకు కండెలు చుట్టే చేతులు. మొదటి వారం ఆ కొట్లాట చూడలేక కళ్లు మూసుకుంది. "గట్ల సంపుకుంటుంటే పోలీసోళ్లు ఏం జేస్తున్నరు?" అని అడిగింది. రెండో వారం వేళ్ల సందుల్లోంచి చూసింది. మూడో వారానికి కూతురికంటే ముందే తయారు.

ఆమె మనిషి జుట్టోడు.

నడుము దాకా పసుపుపచ్చ జుట్టు. ఎప్పుడూ ముందు దెబ్బలు తినేది అతనే. పడేవాడు. కదిలేవాడు కాదు. ఒకటి… రెండు… మూడు అనేలోపు లేచేవాడు.

"లే అయ్యా! లే!" అని అవ్వ గడప మీద అరచేత్తో కొట్టేది. "లే నాయినా, లే!"

భీవండిలో మరమగ్గాల సాంచెల మధ్య రెండు షిఫ్టులు చేసే మొగుడు రాజమల్లయ్య పేరు కూడా ఏనాడూ నోటితో పలకని మనిషి. అలాంటిది ఎక్కడి దేశపువాడి కోసమో ఇరుగుపొరుగు వినేలా అరిచేది. ప్రవీణ దీవాన్ మీద పడీ పడీ నవ్వేది. శైలజకు తల కొట్టేసినట్టయ్యేది.

ఒక శనివారం, గుండోడు ఇనుప కుర్చీ ఎత్తాడు.

నున్నటి గుండు, మెడ లేని మనిషి. కుర్చీతో జుట్టోడి నెత్తి మీద కొట్టాడు. ఒకసారి కాదు. పసుపుపచ్చ జుట్టు ఎర్రబడింది.

ఒకటి. రెండు. మూడు.

లేవలేదు. స్ట్రెచర్ మీద మోసుకుపోయారు.

అవ్వ గడప మీదే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అదంతా ఆడించే ఆటేనని, ఎవడు గెలవాలో ముందే అనుకుంటారని, అప్పటికే బడిలో అందరికీ తెలుసు. శైలజకూ తెలుసు. ఆ ముక్క చెప్పినా బాగుండేది. చెప్పలేదు.

ఇంటికి రాగానే అవ్వ పసుపుబట్టలో ముడుపు కట్టింది. "పోచమ్మ తల్లీ, గాయన పానం నిలబెట్టు. ఆషాఢంల గాయన పేరు మీద బోనం ఎత్తుత." తరువాత కూతురి వైపు తిరిగింది.

"అసలు పేరేంది బిడ్డా? జుట్టోడంటే అమ్మోరికి ఎట్ల ఎరుకైతది? నువ్వు ఇంగ్లీషు సదివినవు గదా. నాకు నేర్పు."

డానీ హార్లో. కార్డు మీద ఉంది. చెప్పడానికి రెండు క్షణాలు పట్టదు.

రేపు చెప్తానంది శైలజ. మొదట ప్రవీణకు చెప్పి నవ్వించాలనుకుంది. బడిలో ఈ సంగతి విని ప్రవీణ నవ్వలేదు. కళ్లు మెరిశాయి.

"గుండోని పేరు నేర్పియ్యవే మీ అవ్వకు. మస్తు మజా వస్తది. నేర్పిస్తే… శనివారం నా పక్కన దీవాన్ మీద కూసోవెడ్త."

దీవాన్ మీద జాగ.

అంతే. మనిషి అమ్ముడుపోవడానికి సింహాసనమే అక్కర్లేదు.

ఎన్ని రోజులు నేర్పిందో! బోనాలొచ్చే దాకా నేర్పింది.

"విక్టర్ క్రేన్, అవ్వా."

"ఇకటరు కిరేను."

"ఇకటరు కాదు. విక్… టర్."

అవ్వ చరఖా తిప్పుతూ వల్లించేది. కండె తిరుగుతుంటే పేరు తిరిగేది. విక్టరు కిరేను… విక్టరు కిరేను… నల్లా దగ్గర బిందె నిండేదాకా అదే. రోట్లో కారం దంచుతూ అదే. తప్పు పలికితే మొక్కు చెల్లదేమోనని ఆమె భయం.

శైలజ ఇప్పుడు ఇంగ్లీషు టీచరు. ఆమె చెప్పిన మొదటి పాఠం అదే. అంత శ్రద్ధగా నేర్చుకున్నవాళ్లు మళ్లీ ఆమెకు దొరకలేదు.

బోనం రోజు. ఇట్లాగే ముసురు. ఇట్లాగే వేపాకు. గుడి ముందు బోనాలు దించుకునే సారయ్య ప్రతి ఒక్కరినీ అడిగే మాట ఒకటే — "ఎవరి పేరు మీదమ్మా?"

మొగుడి పేరు అవ్వ కూతురితో చెప్పించింది. ఆ తర్వాత కళ్లు మూసుకుని, తనే, గట్టిగా —

"విక్టరు కిరేను! సల్లగుండాలె తల్లీ!"

వేపచెట్టు కింద ప్రవీణ, ఇంకో ఇద్దరు అమ్మాయిలు కడుపు పట్టుకుని నవ్వారు.

శైలజ కూడా నవ్వింది.

నవ్వింది. దాచి లాభం లేదు.

ఇంటికి వచ్చే దారిలో అవ్వ మెల్లగా అడిగింది. "సరిగ్గ పలకలేదా బిడ్డా? నవ్విన్రు."

"సరిగ్గనే పలికినవవ్వా."

ఆ శనివారం శైలజ దీవాన్ మీద కూర్చుంది. మెత్తగా ఉంది. కూర్చున్నంతసేపూ గడప వైపు చూడలేదు. గుండోడు బెల్టు గెలిచి భుజాన వేసుకుని ఊరేగాడు. జుట్టోడు రాలేదు. పై వారమూ రాలేదు. ఇంకెప్పుడూ రాలేదు.

"దవాఖానల ఉన్నడేమో," అంది అవ్వ. "కోలుకుంటడు. బోనం ఎత్తినం గదా."

తరవాత వాడలో ప్రతి ఇంటికీ టీవీ వచ్చింది. భీవండి నుంచి బాపు తిరిగొచ్చాడు, కొన్నేళ్లకు పోయాడు కూడా. శైలజకు పెళ్లయింది, కృతిక పుట్టింది. తేలు కుట్టిన దొంగలా ఆమె నోరు మెదపలేదు. చెప్పాలనుకున్న ప్రతిసారీ, ఇంత చిన్న సంగతి ఇప్పుడెందుకులే అనిపించేది.

చిన్నదే. కంట్లో నలుసు కూడా చిన్నదే.

మొన్న ఆదివారం, మధ్యాహ్నం అన్నాలయ్యాక, కృతిక ఫోనులో పాత రెజ్లింగు పెట్టింది. పక్కన మంచం మీద అమ్మమ్మ. శైలజ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది.

టప్. టప్.

మంచంపట్టె మీద అరచేతి చప్పుడు.

"లే అయ్యా! లే నాయినా!"

శైలజ చేతిలో గిన్నె జారింది.

"గీ జుట్టోడు నాకెరుకే కృతికా! గీయన కోసం బోనం ఎత్తిన. ఇప్పుడెట్లున్నడో సూడు జెర."

కృతిక వెతికింది. పిల్ల ముఖం మారింది. శైలజ పరుగున వచ్చి ఫోను తీసుకుంది.

పోయి పదకొండేళ్లు.

మెడ ఎముకలు అరిగిపోయి, వెన్ను వంగిపోయి, ఎక్కడో ఒక కిరాయి గదిలో, ఒంటరిగా పోయాడట. గెలుపోటములు నాటకమే. పడడం మాత్రం నాటకం కాదట. చెక్కల మీద పడీ పడీ ఒళ్లు అలా అయిందట. ఫోటోలో జుట్టు లేదు.

"మంచిగున్నడట అవ్వా," అంది శైలజ.

అవ్వ ముఖం విప్పారింది. "ఉండడా మరి! పోచమ్మ ఊకుంటదా? విక్టరు కిరేను, సల్లగుండాలె అని ఎంత మొక్కితిని!"

ఇన్నేళ్ల తర్వాత. తడుముకోకుండా. ఒక్క అక్షరం పోకుండా.

"కానీ మమ్మీ, ఈయన పేరు…" అంటోంది కృతిక.

"ఊకో," అంది శైలజ.

ఆ 'ఊకో' ఇంకా నాలుక మీద చేదుగా ఉంది. ఒకప్పుడు అవ్వను చూసి సిగ్గుపడింది. ఇప్పుడు తనను చూసుకుంటే సిగ్గు. ఆ మొదటి సిగ్గు ఎంత తేలికైనదో ఇప్పుడు తెలుస్తోంది.

డప్పులు దగ్గరయ్యాయి. గుడి వచ్చేసింది. "నమస్తే మేడం," అన్నారు ఎవరో పిల్లలు పక్కనుంచి. ఆమె తల ఊపలేదు. ఊపకూడదు.

ఏ పేరు చెప్పాలి?

గుండోడి పేరే మళ్లీ చెప్తే సరి. అవ్వకు తృప్తి. ఇరవై ఆరేళ్లు మోసిన అబద్ధం, ఇంకొక్క పూట మోస్తే మెడ విరుగుతుందా?

కానీ జుట్టోడికి ఒక్క బోనం బాకీ ఉంది. బతికుండగా అందవలసింది. చేజేతులా పక్కదారి పట్టించింది తనే. ఆయన లేడు. కనీసం పేరైనా… ఒక్కసారైనా, ఈ గుడి ముందు…

డప్పుల మోతలో మెల్లగా అనేస్తుంది. పోచమ్మకు వినిపిస్తే చాలు. అవ్వకు వినిపించదు.

సారయ్య మీసాలు నెరిసిపోయాయి. మాట మాత్రం అదే.

"ఎవరి పేరు మీదమ్మా?"

"బాలమణి. శైలజ. కృతిక…" ఒక్కొక్కటే చెప్పింది. సరిగ్గా అప్పుడే డప్పులవాళ్లు మోత ఆపి, తడిసిన డప్పులు కాచుకోవడానికి మంట దగ్గరికి జరిగారు.

నోరు తెరుచుకునే ఉంది. మాట జారిపోయింది.

"డానీ హార్లో."

ముసురు ఆకుల మీద పడుతున్న చప్పుడు.

వెనక నుంచి అవ్వ గొంతు. కోపం లేదు. కూతురు పొరపడిందేమోనన్న కంగారు, అంతే.

"గది గాదు గదా బిడ్డా… విక్టరు కిరేను. నువ్వే నేర్పితివి."

సారయ్య కుండ కోసం రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. "ఏ పేరమ్మా? ఒక్కటి జెప్పు."

"జెప్పు బిడ్డా," అంది అవ్వ, ఇంకో అడుగు దగ్గరికొచ్చి. మెడ మీద ఆమె ఊపిరి తగిలింది. గంజి వాసన ఇంకా పోలేదు.

మెడ తిప్పకూడదు.

ఒకటి. రెండు…

నడినెత్తిన కుండ వేడి. పైన దీపం వణుకుతోంది, ఆరడం లేదు. తడిసిన వేపాకు వాసన —