రామాంజినమ్మ పలికిన 'అయిన్'

వానల కోసం ఉపవాస ప్రార్థన పెట్టినప్పుడల్లా బెళుగుప్ప చర్చిలో బైబిల్లోని పొడుగు కీర్తనను ఇంటికొక భాగం చొప్పున చదువుతారు. ఒక్కో భాగం పైన ఒక్కో హీబ్రూ అక్షరం పేరుంటుంది. 'అయిన్' భాగం కుళ్ళాయప్పది. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ భాగాన్ని వేరే ఇంటికి పోనివ్వనని భార్య రామాంజినమ్మ పట్టుబట్టింది. ఆయనదంటూ ఆమెకు మిగిలింది అదొక్కటే.

కొత్తగా వచ్చిన పాస్టరు ఓబిలేష్‌కు అక్షరాల పిచ్చి. భాగం చదివే ముందు దాని అక్షరాన్ని సరిగ్గా పలికి తీరాలంటాడు. "అది గొంతు అడుగునుంచి నొక్కి పలకాలమ్మా. నీకు రాకపోతే ఈసారికి కృపాకుమారి చదువుతాది," అన్నాడు. కృపాకుమారి రామాంజినమ్మ ఎదురింటి పిల్ల, డిగ్రీ చదివింది. ఒక్కసారి వినగానే పట్టేసింది.

రామాంజినమ్మకు పగలంతా కూలి, సాయంత్రం ట్యాంకరు దగ్గర పడిగాపులు. నడుమ ఈ గొంతు చాకిరీ ఒకటి. ఎంత నొక్కినా దగ్గొచ్చింది గానీ అక్షరం రాలేదు. దేవునికి తెలుగు రాదా ఏమి అని విసుక్కుంది. విసుక్కోదా మరి?

శనివారం ట్యాంకరు దగ్గర నిండు బిందె నడుముకెత్తుకుంటుంటే ఆమె గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది.

"అత్తా, అయ్యగారు చెప్పిండేది అదే," అంది వెనక నిలబడ్డ కృపాకుమారి.

దించి మళ్లీ ఎత్తింది. మళ్లీ వచ్చింది. బిందె లేకుండా మాత్రం చచ్చినా రాలేదు.

ఆదివారం నిండు బిందెతోనే చర్చికొచ్చింది. జనం నవ్వారు.

"ఏందమ్మా ఇది?" అన్నాడు పాస్టరు.

"ఇది ఎత్తుకుంటేనే వస్తాది అయ్యగారూ. మీకు అక్షరం కావాల, నాకు మా ఇంటాయన భాగం కావాల."

ఒక చేత్తో చర్చి పుస్తకం పట్టుకుని, ఇంకో చేత్తో బిందె నడుముకెత్తి, "అయిన్," అంది. పాస్టరు తలూపాడు. తర్వాత చదవబోయి ఆగిపోయింది. అక్షరం కింద వేలు పెట్టుకుంటే గానీ ఆమె చదవలేదు. రెండు చేతులూ ఖాళీ లేవు. ఒంటిచేత్తో బిందె దించబోతే నీళ్లు ఒలికిపోతాయి. ఇక పోయిందిలే అనుకుంది, కళ్ళలో నీళ్లు తిరిగాయి.

కృపాకుమారి లేచింది. తన భాగం లాక్కోవడానికే వస్తోందనుకుంది రామాంజినమ్మ. ఆ పిల్ల దగ్గరికొచ్చి, బిందె అందుకుని తన నడుముకెత్తుకుంది.

"నువ్వు చదువత్తా."

కుళ్ళాయప్ప వేలి మరక ఉన్నచోటే రామాంజినమ్మ వేలు పెట్టింది. అలిసిన గొంతుతో, కూడబలుక్కుంటూ చాలాసేపు చదివింది. ఆ పిల్ల కడదాకా బిందె దించలేదు.