నారు పీకేదాకా

లక్ష్మీదుర్గ రెండు చీరలు మడిచి సంచి అడుగున పెట్టింది. వాటి మీద బీపీ మాత్రల అట్ట, ఆధార్ కార్డున్న కవరు, దువ్వెన. జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయింది. కొవ్వొత్తి ముక్క రాసి మళ్ళీ లాగింది. గడప ఇవతల మిరప నారు కట్టలు కడుతున్న రాజ్యం తల ఎత్తకుండానే ఆ చప్పుడు విన్నది.

"చద్దన్నం తిని వెళ్ళు."

"తిన్నానక్కా."

తినలేదని రాజ్యానికి తెలుసు. గిన్నె మీద మూత కదల్లేదు.

ఇద్దరూ తోడికోడళ్ళు. పెరట్లోని మూడు సెంట్లలో మిరప, వంగ నార్లు పోసి ఊళ్ళో రైతులకు ఇవ్వడం రాజ్యానికి పాతికేళ్ళ పని. కూర్చుని కూర్చుని మోకాళ్ళు నల్లగా కాయలు కాశాయి. గోళ్ళ కింద మట్టి పండగలకు కూడా పోదు. రాజ్యం చెయ్యి మంచిదని చుట్టుపక్కల పేరు.

విత్తు చల్లేది మాత్రం లక్ష్మీదుర్గ. ఆమె వేళ్ళ సందుల్లోంచి జారిన గింజలు మడంతా ఒకే ఒత్తున మొలిచేవి. నాలుగేళ్ళ కిందట ఆమె భర్త పోయాడు. భర్త పోయిన మనిషి చేత్తో తొలి విత్తు వేయించడానికి రైతులు ఒప్పుకోరు. అందుకని తెల్లవారుతుండగానే ఆమె చేత చల్లించి, జనం తిరిగే వేళకు రాజ్యం నీళ్ళ డబ్బా పట్టుకుని మడి దగ్గర నిలబడేది. చూసినవాళ్ళు రాజ్యమే చల్లిందనుకునేవాళ్ళు. ఆమె కాదనేది కాదు.

ఈ శ్రావణంలో మొదటి మడి పోయింది. రాత్రి వాన పడేలా ఉందని రాజ్యం మొలకల మీద ప్లాస్టిక్ పట్టా కప్పింది. మర్నాడు పొద్దున్నే లక్ష్మీదుర్గ రేషన్ బియ్యానికి వెళ్ళింది. ఎండ కాసింది. పట్టా తియ్యడం రాజ్యం మరిచిపోయింది. మధ్యాహ్నం గుర్తొచ్చి లాగి చూస్తే, ఆవిరికి మొదళ్ళు ఉడికి నారంతా పక్కకు వాలిపోయి ఉంది. గబగబా తడి పట్టాను చుట్టి మంచం కిందికి తోసేసింది.

సాయంత్రం, ఆ నారు తనకని చెప్పిపెట్టుకున్న రైతు పేరయ్య చూసుకుపోదామని వచ్చాడు. అతని ముఖం చూడగానే మాట దానంతటదే వచ్చింది.

"నేను కాదు పేరయ్యా వేసింది. ఒంట్లో బాగాలేక దుర్గ చేత చల్లించాను."

నాలుగేళ్ళలో ఆమె నిజం చెప్పింది ఆ ఒక్కసారే.

రెండు రోజుల్లో ఊరంతా తెలిసింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు లక్ష్మీదుర్గను చూసి బిందెలు పక్కకు జరుపుకున్నారు. ఆమె గొడవపడలేదు. మూడో రోజు తెల్లవారుతుండగా కొత్త మడిలో తనే మళ్ళీ విత్తు చల్లి, చేతులు దులుపుకుని, "సింగరాయకొండలో మా తమ్ముడు రమ్మంటున్నాడక్కా. ఈ నారు పీకేదాకా ఉండి పోతాను," అంది. నలభై రోజులు ఉంది.

ఆమె సంచి సర్దుతుండగానే పేరయ్య బండి ఆపి లోపలికొచ్చాడు. ఒక కట్ట తీసి వేళ్ళు చూశాడు.

"అబ్బ, ఏం నారు వదినా! ఊరికే అంటారా చెయ్యి చెయ్యని! ఈసారి నువ్వే వేశావుగా?"

గదిలో జిప్పు చప్పుడు ఆగింది.

ఇదీ దుర్గే వేసింది. మూడు మాటలు. రాజ్యం కట్టకు అరటి నార ఇంకో చుట్టు చుట్టింది. అక్కర్లేకపోయినా మరొకటి చుట్టింది.

"ఆఁ, నేనే."

"మా ఆవిడకు నమ్మకం లేదు. ఆ చెయ్యి తగిలుంటే పొలంలోకి రానివ్వనంది."

"తగల్లేదులే అన్నయ్యా." లక్ష్మీదుర్గ గుమ్మంలోకి వచ్చింది. "నేను మడి ఛాయలకే పోలేదు. తీసుకుపో, ఎండెక్కితే వాడిపోద్ది."

పేరయ్య నసిగాడు. "నాదేముందమ్మా... లోకం..."

"లోకానికేం, కాయ కారంగా ఉంటే చాలు దానికి."

అతను నవ్వాడు. రాజ్యం నవ్వలేకపోయింది.

రోడ్డు దాకా సంచి తనే మోసింది. చెబుదాం, చెబుదాం అనుకుంటూ పత్తి చేలు దాటింది. గ్రానైటు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. దాని వెనకాలే ఒంగోలు బస్సు కనిపించింది.

"దుర్గా, ఆ మొదటి మడి..."

లక్ష్మీదుర్గ సంచి అందుకుంది.

"మంచం కింద పట్టా తడి మీదే చుట్టావక్కా. ముక్కిపోయి కంపు కొడుతోంది. ఎండేసి మడువు."

బస్సెక్కింది. కిటికీ దగ్గర చోటు దొరకలేదేమో, మళ్ళీ కనిపించలేదు.

రాజ్యం ఇంటికొచ్చింది. స్నానాల గది వెనక, కాలువ పక్క నీడలో, ఆ పొద్దున్నే లక్ష్మీదుర్గ నాటినవి పదకొండు పాల కవర్లు వరసగా ఉన్నాయి. ఒక్కోదానిలో ఒక మల్లె పుల్ల, ఏటవాలు కోత, ఆకు దూసేసి, రెండు కణుపులు మట్టిలోకి. నెల తిరిగేసరికి వాటిలో తొమ్మిది పుల్లలకు వేళ్ళొచ్చాయి. అడిగి పట్టుకెళ్ళినవాళ్ళు రాజ్యం చెయ్యి మంచిదన్నారు. ఆమె కాదనలేదు.

లక్ష్మీదుర్గ తిరిగి రాలేదు. మాఘమాసంలో ఒక మంగళవారం పొద్దున, సింగరాయకొండలో, తమ్ముడి ఇంట్లో పోయింది.