మూడో విడత

పులి, మేక, గడ్డిమోపు లెక్క చిన్నప్పుడు అందరం చేసినదే. పడవలో ఒకసారికి ఒక్కదాన్నే దాటించాలి. పులినీ మేకనీ ఒక ఒడ్డున వదలకూడదు, మేకనీ గడ్డినీ అసలే వదలకూడదు. ఆ లెక్క కట్టినవాడెవడో గానీ, లిఫ్టు పనిచేయని ఇంట్లో, మూడో అంతస్తులో, ఇద్దరు పసివాళ్లతో కాపురం చేసినవాడు మాత్రం కాదు. చేసి ఉంటే, పడవ నడిపే మనిషికి నెలల తరబడి నిద్ర లేదన్న సంగతి కూడా లెక్కలో రాసేవాడు.

ఆ తల్లి లెక్క ఇది. ఒకటో విడత పిల్లల బండి. ముందొక సీటు, వెనకొక సీటు ఉన్న బండి. మడిచినా దాని బరువు దానిదే. రెండో విడత పెద్దాయన. పెద్దాయనకు ఇంకా మూడేళ్లు నిండలేదు గానీ, చెల్లెలు పుట్టిన రోజునే అందరూ కలిసి వాడికి ఆ పదవి కట్టబెట్టారు. మూడో విడత చంటిది. ఇద్దరినీ ఒక గదిలో వదలడానికి లేదు. చెల్లెలి కళ్లు ఊడి వస్తాయా రావా అని పెద్దాయనకు ఒక అనుమానం ఉంది. అందుకని చంటిదాన్ని పడకగదిలో, చుట్టూ దిండ్లు పెట్టి, తలుపు వేసి, చివర్లో తెచ్చుకుంటుంది. కింద మెట్ల పక్కనే టైలరు కొట్టు. బండిలో బెల్టు పెట్టి కూర్చోబెట్టిన పెద్దాయన మీద టైలరు ఒక కన్నేసి ఉంచుతాడు.

లిఫ్టు తలుపు మీద మరమ్మతు జరుగుతోందని కాగితం అంటించి ఉంది. అంటించినవాడు తప్ప మరమ్మతు చేసేవాడెవడూ ఇంతవరకు రాలేదు. చంటిదాన్ని ఇంటికి తెచ్చిన వారంలోనే అది ఆగిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇంకొకరైతే తిట్టిపోసేవారు. ఆమె తిట్టలేదు. తిట్టడానికైనా లోపల ఏదో ఒకటి మిగిలి ఉండాలి కదా.

ఆమెకు బాధగా ఏమీ లేదు. ఆ మాట ఒప్పుకోవాలి. పన్ను పీకేముందు మత్తు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో, కాన్పు దగ్గర నుంచి మనిషంతా అలా ఉంది. ముట్టుకుంటే చేతికి తెలుస్తుంది, దవడకు తెలియదు. పాలిస్తుంది, స్నానం చేయిస్తుంది, జోకొడుతుంది, దేనికీ వేళ తప్పదు. పెద్దాయన పసిగుడ్డుగా ఉన్నప్పుడు వాడు తుమ్మితే ఆమె గుండె జారిపోయేది. చంటిది తుమ్మితే ముక్కు తుడుస్తుంది. పిల్ల మీద ఆమెకు ఏమీ అనిపించడం లేదు. ఈమధ్య పెద్దాయన మీద అనిపించేది కూడా అడుగంటిపోయింది.

మొగుడితో చెప్పుకుందామంటే, ఆయన రొట్టెల ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేసి వచ్చి ఒక బూటు విప్పి, రెండోది విప్పేలోగా నిద్రపోతాడు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు ఉంటుంది. ఒకసారి ఫోనులో ఆడపడుచుతో మాత్రం అంది.

"వదినా, పాపని చూస్తే నాకేమీ అనిపించట్లేదు."

 "నిద్ర చాలక అట్లా ఉంటుందిలే. ఆ మాట మాత్రం ఇంకెక్కడా అనకు. పిల్లల తల్లివి, వింటే ఎవరైనా ఏమనుకుంటారు?" అంది ఆడపడుచు.

ఆమె అనలేదు. పోయినసారి చంటిదానికి టీకా వేయించడానికి వెళ్లినప్పుడు నర్సు "మీరెలా ఉన్నారు?" అని అడిగితే, "బాగున్నానండీ" అంది. ఇవాళ మళ్లీ టీకా. నర్సు మళ్లీ అడుగుతుంది. ఈసారి చెప్పేయాలా, ఆ పాత పాఠమే అప్పజెప్పాలా అన్నది పొద్దుటి నుంచి తేలలేదు. చెప్పకపోతే ఇలాగే ఏళ్లు వెళ్లిపోతాయని ఆమెకు తెలుసు. పిల్లలు పెరుగుతారు, బడికి వెళ్తారు, ఆమె వాళ్ల ముక్కులు తుడుస్తూనే ఉంటుంది.

బండిని గుమ్మం దాటిస్తుండగా టైలరు ఎదురింటి వాళ్లకు కుట్టిన ప్యాంట్లు ఇచ్చి తిరిగి వెళ్తున్నాడు.

"ఇటివ్వమ్మా. ఖాళీ చేతులతోనే దిగుతున్నాగా."

"పర్లేదు బాబాయిగారూ, నాకు అలవాటే."

"అలవాటైతే బరువు తగ్గుతుందా?" అని ఆయన బండిని భుజాన వేసుకుని దిగిపోయాడు.

ఆమె వెనకాలే ఉత్త చేతులతో దిగింది. మేలు చేసేవాళ్లు కూడా చెప్పి చేయాలి. ఎప్పుడూ బండి పిడికి తగిలించి దించే సంచీ ఆ తొందరలో తలుపు గొళ్లానికే వేలాడుతూ ఉండిపోయింది. కింద బండి విప్పి, వెనక సీటు మీద ఎండ పడకుండా ఎప్పుడూ కప్పే పలచటి గుడ్డ కప్పింది. మళ్లీ పైకి వెళ్లి పెద్దాయనను తెచ్చింది. వాడు ఒక్కో మెట్టునూ కుశలం అడుగుతూ దిగాడు. వాడికి బెల్టు పెట్టి, మళ్లీ పైకి వెళ్లింది.

తలుపు తీయగానే సంచీ కనిపించింది. గుడ్డలు, డైపర్లు, సీసాలు కుక్కిన సంచీ, దాదాపు చంటిదాని బరువే ఉంటుంది. దాన్ని భుజాన వేసుకుంది. తలుపు లాగి, తాళం వేసి, లాగి చూసుకుని, దిగింది. రెండుసార్లు ఎక్కడం, మూడుసార్లు దిగడం, భుజం మీద బరువు, తాళం. లెక్క సరిపోయిందని ఒళ్లు చెప్పింది. కాదనడానికి లోపల మనిషి లేదు.

బండి ఇవాళ తేలిగ్గా నడిచింది. చక్రాలకు నూనె పోశారు కాబోలు అనుకుంది, ఎవరు పోస్తారో మాత్రం అనుకోలేదు. పరుపుల కొట్టు ముందు ఇద్దరు మనుషులు ఒక పరుపును లారీలోంచి దించుతూ కాలిబాట మొత్తం ఆక్రమించారు. ఆమె ఆగింది. వాళ్లు పరుపును నిలబెట్టి ఎటు తిప్పాలో తగువులాడుకున్నారు. ఇంకో రోజైతే బండిని రోడ్డు మీదకు దించి చుట్టు తిరిగి వెళ్లేది. ఇవాళ పరుపు లోపలికి వెళ్లేదాకా నిలబడి చూసింది. రోడ్డు దాటి బస్‌స్టాపులో బెంచీ పక్కన బండి ఆపింది. బెంచీ మీద కూరగాయల సంచీతో ఒక పెద్దావిడ ఉంది.

"ఇద్దరా?"

"అవునండీ."

పెద్దావిడ గుడ్డ కప్పిన సీటు వంక మురిపెంగా చూసింది. "గొడవ లేకుండా ఎంత బుద్ధిగా పడుకుందో. కొందరు అట్లా పుడతారు తల్లీ, అదృష్టం."

"అవునండీ" అంది ఆమె.

పెద్దాయనకు ఏమీ తోచక వెనక్కి తిరిగి గుడ్డ కొస లాగాడు. వాడికి రోజూ ఉన్న అలవాటే.

"చెల్లి లేదు."

"బజ్జుంది. లేపకు."

"లేదు."

"లేపకన్నానా?"

వాడు గుడ్డ మొత్తం లాగేశాడు. సీటులో మడత పెట్టిన చిన్న దుప్పటి ఉంది. దాని పక్కన పెద్దాయన ఎప్పుడో దాచుకున్న బిస్కెట్టు ముక్క ఉంది. ఆమె ఆ రెండింటినీ చూసింది. అప్పుడే బస్సు వచ్చి ఆగింది. బండి ఎక్కించడానికి డ్రైవరు పలక దించాడు. పైన మూసిన ఇంట్లో, మూసిన గదిలో, మంచం మీద పిల్ల ఉందని తెలిసిన ఆ క్షణాన ఆమెకు వచ్చిన మొదటి ఆలోచన, ఈ బస్సు పోతే ఇంకోటి చాలాసేపటికి గానీ రాదని. కల్పించి చెప్పడం లేదు, అదే వచ్చింది.

"ఎక్కుతారా అమ్మా?" డ్రైవరు అడిగాడు.

"లేదండీ. ఒకటి మర్చిపోయాను."

ఒకటి అంది, గొడుగు సంగతి చెప్పినట్టు. పెద్దావిడ ఒక కాలు బస్సులో పెట్టి వెనక్కి తిరిగి, ఖాళీ సీటునూ ఆమెనూ చూసింది. తలుపులు మూసుకున్నాయి.

కొంత దూరం మామూలుగానే నడిచింది. ఇలాంటప్పుడు తల్లులు పరిగెత్తుతారని పరుపుల కొట్టు దగ్గర గుర్తొచ్చింది. పరిగెత్తింది. కాళ్లు బాగానే పరిగెత్తాయి. బండి గతుకుల మీద ఎగురుతుంటే పెద్దాయన పగలబడి నవ్వి "ఇంకా, ఇంకా" అన్నాడు. గుండె ఎలా కొట్టుకుంటోందో చూసుకుంది. పరిగెత్తితే ఎలా కొట్టుకుంటుందో అలాగే కొట్టుకుంటోంది. అంతకు మించి ఏమీ లేదు. పిల్ల దొర్లి కింద పడి ఉంటుందా, దిండు మొహం మీద పడి ఉంటుందా అని ఒక్కొక్కటే తలుచుకుని చూసింది. దేనికీ భయం వేయలేదు. ఎవరో చెప్పిన పక్కింటి సంగతుల్లా ఉన్నాయి.

"వీణ్ణి కాస్త చూస్తుండండి బాబాయిగారూ" అని టైలరు కొట్టు ముందు బండి ఆపింది.

"ఏం, ఏమన్నా మర్చిపోయావా?"

ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది.

చంటిది మేలుకునే ఉంది. ఏడవలేదు. పెట్టినచోటే పడుకుని, కిటికీ తెర కదలడం చూస్తూ పిడికిలి చీకుతోంది. తల్లి రాదేమోనన్న అనుమానం దానికి ఏ కోశానా ఉన్నట్టు లేదు. ఆమె మంచం అంచున కూర్చుంది. ఇప్పుడు ఎత్తుకుని గుండెకు హత్తుకుని ఏడవాలని తెలుసు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగింది కూడా. రాలేదు. గుడ్డ తడిసి ఉంటే మార్చింది. ఎత్తుకుని, తాళం వేసి, దిగింది.

టైలరు నోట్లో గుండుసూదులు పట్టుకుని ఒక చొక్కా చేతికి గుర్తులు పెడుతున్నాడు. చంటిదాన్ని చూశాడు, ఆమెను చూశాడు. పొద్దున బండి తన భుజం మీద దిగిన సంగతి ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది. సూదులు తీసి ఏదో అనబోయి, మళ్లీ నోట్లోనే పెట్టుకున్నాడు.

టీకాల గదికి చేరేసరికి జనం పలచబడ్డారు. నర్సు చంటిదాన్ని తూకం వేసి, తొడ తుడిచి, సూది వేసింది. పిల్ల ఒక్కసారి ఊపిరి బిగబట్టి ఏడుపు లంకించుకుంది. తల్లి భుజాన వేసుకుని వీపు తట్టింది. ఎంత తట్టాలో అంతే తట్టింది.

"బరువు బాగానే పెరిగింది. పాలు బాగా తాగుతోందా?"

"తాగుతోందండీ."

"మరి మీరెలా ఉన్నారు?" నర్సు తలెత్తకుండా కార్డు మీద రాసుకుంటూ అడిగింది.

"బాగున్నానండీ."

నోరు అలవాటుగా అనేసింది. తేలనిది అలా తేలిపోయింది. ఇంక కార్డు తీసుకుని వెళ్లిపోవడమే.

బండిలో కూర్చున్న పెద్దాయనకు ఇంతసేపూ ఎవరూ తనను ఏమీ అడగలేదన్న కొరత ఉంది. "చెల్లి లేదు" అన్నాడు.

"లేకపోవడమేంటి నాన్నా? అదిగో, అమ్మ దగ్గరుందిగా."

"బండిలో లేదు. ఇంట్లో. అమ్మ తాళం వేసింది. బస్సు పోయింది."

నర్సు నవ్వింది. "మీవాడు కథలు బాగానే అల్లుతున్నాడే. చిన్నది పుట్టాక పెద్దవాళ్లకి ఈ కుళ్లు మామూలే లెండి." వాడి వైపు వేలు ఊపింది. "చెల్లిని అమ్మ ఎక్కడైనా వదిలేస్తుందా? తప్పు కదూ, అబద్ధాలు చెప్పకూడదు."

పెద్దాయన నర్సును వదిలేసి తల్లి మొహం చూశాడు. వాడికి అబద్ధమంటే ఏమిటో ఇంకా తెలియదు. తప్పు అన్న మాట మాత్రం బాగా తెలుసు. తను చేసిన తప్పేమిటో తల్లి చెబుతుందని చూస్తున్నాడు. ఒక్క నవ్వు నవ్వితే చాలు, అంతా కడిగేసినట్టు పోతుంది. నవ్వడానికి ఆమె పెదాలు కదిపింది కూడా. వాడు ఇంకా చూస్తున్నాడు. కింది పెదవి ముందుకు వస్తోంది.

"వాడు అబద్ధం చెప్పలేదండీ" అంది ఆమె.

నర్సు కలం ఆగింది.

"మర్చిపోయాను. సంచీ తెచ్చుకుని, పిల్లని ఇంట్లో ఉంచి తాళం వేసి వచ్చేశాను. బస్‌స్టాపు దాకా వెళ్లిపోయాను. వాడు చెప్తేనే తెలిసింది." ఆమె గొంతు అంగట్లో సామాను అడిగినట్టు ఉంది. చావుకబురు చల్లగా చెప్పడమంటే ఇదే. "మర్చిపోయినందుకు కాదండీ చెప్తున్నది. తెలిశాక నాకు భయం వెయ్యలేదు. బస్సు పోతుందే అనిపించింది. పుట్టిన దగ్గర్నుంచీ అంతే. దాన్ని చూస్తే ఏమీ అనిపించదు. వాణ్ణి చూసినా అంతే అవుతోంది ఇప్పుడు."

నర్సు లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. కుర్చీ లాగి ఎదురుగా వేసుకుంది. కూర్చోబోతూ పెద్దాయన దగ్గర ఆగి, "నువ్వు చెప్పింది నిజమే నాన్నా. తప్పు నాదే" అంది. వాడు సరేనన్నట్టు తల ఊపి బెల్టు కొక్కెం పీకే పనిలో పడ్డాడు.

"మీవారికి చెప్పారా?"

"లేదండీ."

"సరే. కాన్పయ్యాక ఇది చాలామందికి వస్తుందమ్మా. దీనికి చూసే డాక్టరుగారు ఉన్నారు, ఇవాళే మాట్లాడదాం. నేను ఆవిడకి ఫోన్ చేస్తా. ఈలోగా పాపని ఇటివ్వండి, మీరు కాసేపు చేతులు దించుకుని కూర్చోండి."

నర్సు చేతులు చాపింది. ఏడ్చి ఏడ్చి అలసిన చంటిది తల్లి భుజం మీద ఎక్కిళ్లు పెడుతోంది. తల్లి ఇవ్వబోయింది. సగం దూరం చాచిన చేతులు ఉన్నట్టుండి వెనక్కి వచ్చేశాయి. పిల్లను మళ్లీ భుజానికి అదుముకుంది.

"ఎక్కడికి తీసుకెళ్తారు?"

"ఎక్కడికీ కాదమ్మా. ఇక్కడే, మీ పక్కనే కూర్చుంటా."

"ఇట్లా చెప్పినందుకు వీళ్లని నా దగ్గర్నుంచి తీసేసుకోరు కదా?"

నర్సు జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోగా ఆమె మళ్లీ అడిగింది. ఈసారి గొంతు వణికింది.  బస్‌స్టాపులో రానిది, మంచం అంచున ఎదురుచూసినా రానిది, ఆ భయం ఇప్పుడు ఆమెను నిలబడనివ్వలేదు. ఒక చేత్తో చంటిదాన్ని అదుముకుని, రెండో చేత్తో పెద్దాయన బండిని పట్టుకుని, "చెప్పండి, తీసుకోరు కదా?" అని అడుగుతూనే ఉంది.