గ్రేటింగ్ మీద బొటనవేలు

నాగేందర్‌ది మిర్యాలగూడలో రైసుమిల్లుల కుటుంబం. బియ్యంలో నల్లగింజలను కెమెరాతో కనిపెట్టి ఏరేసే యంత్రాలు తయారుచేయిస్తూ కోదాడ బైపాస్ పక్కన పెద్ద షెడ్డు వేశాడు. ఓ కొండ మీద కడుతున్న భారీ టెలిస్కోపుకు స్పెక్ట్రోగ్రాఫు బిగించి పరీక్షించే పని ఆ షెడ్డుకు ఎలా దక్కిందో అఖిలకు అర్థం కాలేదు. నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీసి, ఆ నక్షత్రంలో ఏముందో చెప్పే పరికరం అది. నాగేందర్‌కు మాత్రం అదీ బియ్యం మిషనే.

"నల్లగింజలు ఏరేటోనికి చుక్కలు ఏరుడు ఒక లెక్కనా?" అనేవాడు వచ్చినవాళ్లందరితో.

అఖిలది నడిగూడెం. ఆప్టిక్స్ చదివి ఆ పనికి ఇన్‌చార్జిగా చేరింది. ఆ మాట విన్నప్పుడల్లా తల తిప్పుకునేది. అతనితో వాదించడమంటే అతన్ని మనిషిగా లెక్కచేసినట్టేనని ఆమె ఉద్దేశం.

అద్దాలన్నీ కుదిరాక, పరికరం సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి నియాన్ దీపం పెట్టి చూసింది. తెర మీద ఎర్రటి గీతలు సన్నగా, తిన్నగా పడ్డాయి. ఆ సంతోషంలో అన్నం సంగతే మరిచిపోయింది.

మరునాడు నాగేందర్ పార్టీ మిత్రులను వెంటేసుకుని, దుమ్ము సోకకూడని ఆ గదిలోకి బూట్లతోనే వచ్చాడు. ఒకాయన చేతిలో అగరుబత్తులు పొగలు కక్కుతున్నాయి.

"సార్, పొగ లోపలికి రావద్దు," అంది అఖిల.

"పూజ లేకుంటె మిషన్ నడుస్తదా? జర పక్కకు జరుగు."

ఆమె అగరుబత్తులు లాక్కుని బయట ఆర్పి వచ్చేసరికి అతను పరికరం మూత తీసేశాడు. లోపల గ్రేటింగ్ అనే పలక ఉంది. వెలుగును విడదీసేది అదే. దాని నిండా కంటికి ఆనని సన్నటి గాట్లు. మిత్రులకు ఇంద్రధనుస్సు రంగులు చూపిస్తూ దాని మీద బొటనవేలు ఆనించాడు.

"ముట్టుకోవద్దు సార్. తుడవద్దు."

"మరకనే కద," అంటూ జేబురుమాలుతో రుద్దేశాడు.

మిత్రులు వెళ్లాక అఖిల మళ్లీ దీపం పెట్టింది. గీతలు అలుక్కుపోయి ఉన్నాయి.

"పలక వచ్చినప్పుడే గట్లుండె అని రిపోర్టుల రాయి," అన్నాడు నాగేందర్.

"రాయను సార్. బొటనవేలు ఎవరిదో పేరుతో సహా రాస్త."

"అయితే రేపటిసంది రాకు."

ఆమె ఆ సాయంత్రమే టెలిస్కోపు కట్టిస్తున్న అబ్జర్వేటరీకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అక్కడి శాస్త్రవేత్త పుష్పాబాయి కోదాడ వచ్చి, అఖిలను కూడా షెడ్డుకు పిలిపించింది. నాగేందర్ కుర్చీ వేయించి, టీ తెప్పించి, బియ్యం యంత్రాల గొప్పలు మొదలుపెట్టాడు. పుష్పాబాయి కూర్చోలేదు, టీ ముట్టలేదు.

"పెట్టెల్లో సర్దించండి, తీసుకుపోతున్నాం," అంది. అఖిల వైపు తిరిగి, "నువ్వు గూడ వస్తవా?" అని అడిగింది.

అఖిల వెళ్లింది. జీపు సూర్యాపేట దాటాక గానీ ఇద్దరూ అతని గురించి నవ్వుకోలేదు. అబ్జర్వేటరీలో ఉన్న మరో గ్రేటింగ్ బిగించి చూస్తే గీతలు సూదిమొనల్లా పడ్డాయి.

ఆ వారంలోనే నాగేందర్ ఫోన్ చేశాడు.

"అఖిలమ్మా, మిషన్ మీద మన కంపెనీ పేరు చెక్కిస్తరు కద?"

రావద్దన్న సంగతే గుర్తులేని గొంతు. అతని మీద కోపం తెచ్చుకోవడం కూడా దండగ అనిపించింది ఆమెకు. ఫోన్ పెట్టేసి, తర్వాతి పరీక్షకు దీపం మార్చింది.