ఇంటికి దగ్గర కాలేజీ

బీరకాయ చెక్కు తీస్తుంటే మా ఆయన ఉమాకాంత్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"త్రివేణీ, నీ కాలేజీ ఆప్షన్లు రాత్రి నేనే పెట్టేసిన. ఇంక పరేషాన్ కాకు."

బీరకాయ పక్కన పెట్టేశాను. ఎమ్మే తెలుగు ప్రవేశ పరీక్షలో నాకు మంచి ర్యాంకు వచ్చింది. ఏ యూనివర్సిటీ కావాలో, ఏ కాలేజీ కావాలో వరుసగా ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. ఆ సాయంత్రంతో గడువు అయిపోతుంది. కొన్నాళ్ళుగా నాకు అదే ధ్యాస. పప్పులో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తుండడం లేదు.

"ఏది పెట్టిన్రు?"

"నారాయణగూడల మీ స్కూల్ వెనక సందుల సాయంత్రం కాలేజీ ఉన్నది చూడు, గదే ఫస్ట్. పొద్దుగాల వంట అయితది, స్కూల్ అయితది, ఇంటికొచ్చి చాయ్ పెడ్తవు, అటెన్క క్లాసు. రాత్రి వంట టైంకు ఇంట్ల ఉంటవు. యూనివర్సిటీకి పోతే దినమంత ఆడనే. అమ్మకు చాయ్ ఎవరిస్తరు? నవతకు ఇంటర్ సెకండియర్." బ్యాగు భుజానికి తగిలించుకుంటూ నవ్వాడు. "అయినా తెలుగుల ఎమ్మే ఏంది? తెలుగు మనకు రాదా?"

ఆయన చెడ్డవాడు కాదు. అదే నా కష్టం. చెడ్డవాడైతే పోట్లాడడం సులువయ్యేది. భార్యకు ఒక పని తప్పించానన్న తృప్తితో టిఫిన్ డబ్బా తీసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

నేను తెలుగు చెప్పే స్కూలుకు నడుస్తున్నంతసేపూ అదే లెక్క వేసుకుంటూ ఉన్నాను. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? పగలంతా క్లాసులంటే ఉద్యోగం మానాలి. జీతం పోతుంది. మా అమ్మాయి నవతకు మార్కులు తగ్గితే 'తల్లి తిరుగుళ్ళు' అంటారు. ఈ వయసులో కూతురి ఈడు పిల్లల మధ్య కూర్చుని వెనకబడిపోతే? కానీ మా మరిది నవీన్‌ను ఎవరూ ఇలా అడగలేదే! ఎన్నో ఏళ్ళుగా అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్నాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే చాలు, "పిలగాడు సదువుకుంటుండు" అని మా అత్తమ్మ రాజకుమారి టీవీ గొంతు నొక్కేస్తుంది. నేను తలుపేసుకుని మిక్సీ తిప్పాలి. నా చదువేమో కుక్కర్ విజిల్‌కీ విజిల్‌కీ మధ్య సాగింది. ర్యాంకు వచ్చిందని చెబితే అత్తమ్మ, "మంచిదే, టైంపాస్ అయితది" అంది. స్కూల్లో ప్రిన్సిపాల్‌కు చెబితే, "తెలుగు పీరియడే కదా మేడమ్, ఎవరైనా చెప్తారు. మీరు యాన్యువల్ డే స్టేజీ సంగతి చూడండి" అన్నాడు.

డిగ్రీలో నాకు పాఠాలు చెప్పిన రత్నమాల గారు ఒక్కరే వేరేలా మాట్లాడారు. "ముందు వెళ్ళి ఒక క్లాసులో కూర్చుని రామ్మా. ఆ తర్వాత ఏది కావాలో నువ్వే తేల్చుకుంటావు" అన్నారు.

పోయిన వారం పన్ను నొప్పని ఇంట్లో అబద్ధం చెప్పి యూనివర్సిటీకి వెళ్ళాను. సారును అడిగి చివరి బెంచీలో కూర్చున్నాను. ఒక పద్యంలోని భార్య ఓర్పును ఆయన మెచ్చుకుంటుంటే ముందు వరుసలో ఒకమ్మాయి లేచింది. "అది ఓర్పు కాదు సార్. ఆమెకు వేరే దారి లేదు." ఇక తిడతారనుకున్నాను. ఆయన సుద్దముక్క కింద పెట్టి, "పద్యంలో ఎక్కడున్నదో చూపించు" అన్నారు. క్లాసంతా పద్యం మీద పడింది. నేనూ పక్కమ్మాయి పుస్తకంలోకి తొంగి చూశాను. నాకు దొరికింది. ఆమెకు దారి లేదని చెప్పే మాట ఎక్కడుందో నాకు తెలిసిపోయింది. చెయ్యి సగం దాకా లేచి మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది. నేను ఏమనుకుంటున్నానో ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయింది? అడిగే చోటు ఉందని ఆ రోజే తెలిసింది.

గడువు ముగిసే ఆ సాయంత్రం స్కూలు వదలగానే ఇంటికి వెళ్ళలేదు. అశోక్‌నగర్‌లో మా ఇంట్లో అందరికీ తెలిసిన బాలకిషన్ అన్న ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్ళాను. యూనివర్సిటీని మొదటి వరుసలోకి మార్చమన్నాను.

"సోంచాయించుకో అక్కా. ఒక్కసారి లాక్ అయితే మళ్ల మారది" అన్నాడు. కాసేపటికి, "ఓటీపీ సార్ ఫోన్‌కు పోయింది. ఆయన నంబరే ఇచ్చినట్టున్నరు" అన్నాడు.

చేసేది లేక ఆయనకు ఫోన్ చేశాను.

"ఏంది, ఏదో ఓటీపీ వచ్చింది?"

"నేనే. ఆప్షన్లు మారుస్తున్న."

"దగ్గరున్నది పెట్టిన గద!"

"దేనికి దగ్గర?"

"ఇంటికి."

"నల్లకుంట మీంచి పోతే యూనివర్సిటీ గూడ దూరం కాదు. మీరు పెట్టింది వంటింటికి దగ్గర."

ఆయన గొంతు పెరిగింది. "నౌకరీ ఎట్ల మరి?"

"మానేస్త."

"అమ్మ చాయ్? సాయంత్రం పనులు?"

"నవీన్ ఇంట్లనే ఉంటడు గద."

"వాడు సదువుకోవాలె త్రివేణీ!"

"నేను గూడ."

అవతల ఆఫీసులో ఎవరో ఆయన్ని పిలవడం వినిపించింది. తర్వాత, "రాసుకో" అని ఒక్కో అంకె చెప్పాడు. "ఇంటికి రా, మాట్లాడుదాం" అని పెట్టేశాడు. ఆ గొంతులో ఉన్నది కోపమో బెంగో తెలియలేదు. ఇంటికి వెళితే తెలుస్తుంది. అత్తమ్మ ఏమంటుందో, నవత ఎవరి వైపు నిలబడుతుందో అదీ అప్పుడే తెలుస్తుంది.

బాలకిషన్ అన్న అంకెలు కొట్టి, మౌస్ మీద చెయ్యి పెట్టి నా వైపు చూశాడు. "చేసెయ్యాల్నా అక్కా?"

"జర జరుగు అన్నా," అన్నాను, "నేనే నొక్కుత."