కామమ్మ పేరు

మా అత్త బొమ్మతో ఇంకెవరిదో పసుపు నాతవరంలో అమ్ముతున్నారని సోమలమ్మ చెబితే నేను నమ్మలేదు. సోమలమ్మ మా మిల్లులో పసుపు కొమ్ములు ఉడకబెడుతుంది, నోరు కాస్త ఎక్కువ. మర్నాడు షేర్ ఆటోలో వెళ్ళి ఒక పేకెట్టు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. అదే రంగు, అదే గుండ్రం, గుండ్రంలో అదే మా అత్త, అదే ముక్కుపుడక. పైన మాత్రం ఒక 'శ్రీ' తగిలించాడు. కామమ్మ పసుపు మాది, శ్రీ కామమ్మ పసుపు వాడిది. వాడంటే కొండబాబు, నాతవరంలో పిండిమర నడుపుకునేవాడు. నిన్నటిదాకా నన్ను అక్కా అని పిలిచినవాడు.

ఒళ్ళు మండిపోయింది. ఏజెన్సీ సంతల్లో కొమ్ములు ఏరి కొని, నర్సీపట్నంలో కొట్టు కొట్టుకీ సంచీ మోసుకు తిరిగి పన్నెండేళ్ళలో నిలబెట్టిన పేరు అది. తొమ్మిదిమంది ఆడవాళ్ళు దాని మీద బతుకుతున్నారు. వాడి పేకెట్టు విప్పి వాసన చూస్తే పసుపు కన్నా పిండి వాసనే ఎక్కువ. రేపు ఏ పెళ్ళిలోనో పెళ్ళికూతురి కాళ్ళకి ఆ పిండి రాసి, కామమ్మ పసుపు పాడైపోయిందని తిట్టేది నన్నే కదా.

లాయరు జగదీశ్వరరావు గారి దగ్గరకి వెళ్ళాను. ట్రేడ్‌మార్కు కాగితాలు చూసి, మీ పేరు మీదే ఉంది, భయం లేదన్నారు. వాడి సరుకు బిల్లుతో సహా కొని తెమ్మన్నారు.

బిల్లు! ఏజెన్సీ నుంచి మైదానం దాకా పసుపు పేకెట్టుకి బిల్లిచ్చే కొట్టు నేనైతే చూడలేదు. పైగా నేను అడిగితే ఎవరూ వాడి సరుకు అమ్మరు. 'మీకు డూప్లికేటు ఇస్తామా వరాలమ్మ గారూ' అని నవ్వి, నా పేకెట్టే నాకు అమ్ముతారు. అలా నాలుగు కొట్లలో నా పసుపు నేనే కొనుక్కున్నాను. చివరికి కోటవురట్లలో ఉన్న మా చెల్లెలు సత్యవేణి ఎవరి పెళ్ళి పేరో చెప్పి బిల్లు సంపాదించింది. లాయరు గారు కోర్టులో కేసు వేశారు, వాడికి నోటీసు వెళ్ళింది.

మూడు వారాలకి జవాబొచ్చింది. లాయరు గారు అది చదివి, కళ్ళజోడు తీసి, దానితో పాటు వచ్చిన ఫోటో నా వైపు తోశారు. కొండబాబు పిండిమర ముందు మా అత్త నిలబడి ఉంది. బల్ల మీద పేర్చిన వాడి పేకెట్లకి కుంకుమ బొట్టు పెడుతోంది. నవ్వుతోంది కూడా.

ఇక్కడ మా అత్త సంగతి చెప్పాలి. మావయ్య నిక్షేపంగా ఉన్నారు కనక నిండు ముత్తైదువ చెయ్యి అని, ఊళ్ళో ఎవరు ఏం కొత్తగా మొదలుపెట్టినా ఆమె చేత బొట్టు పెట్టించుకుంటారు. ఆటోకీ పెడుతుంది, బోరింగు పంపుకీ పెడుతుంది. మా పేకెట్లకైతే ప్రతిదానికీ, రోజుకి మూడు వందల పేకెట్లకి, తడి వేలితో అద్దుతూ కూర్చుంటుంది. కొనేవాళ్ళు వేలితో రుద్ది చూస్తారు. కుంకుమ అంటితే మాది. కొండబాబుది అచ్చు బొట్టు, అంటదు. కానీ వాడి మొదటి సరుకుకి వేలికి అంటుకునే బొట్టే ఉంది, మా అత్తే పెట్టింది.

"కామమ్మ గారే స్వయంగా వచ్చి, దీవించి, తన పేరు వాడుకోమన్నారు అంటున్నాడండీ" అన్నారు లాయరు గారు. "అంతకన్నా పెద్ద తిరకాసు ఇంకోటుంది. ఆవిడ పేరూ బొమ్మా వాడుకోడానికి మీకు ఆవిడ రాసిచ్చిన కాగితం ఏదీ అని అడుగుతున్నాడు. ఉందా?"

లేదు. పన్నెండేళ్ళ కిందట విశాఖపట్నంలో ట్రేడ్‌మార్కు రిజిస్టరు చేయించిన ఏజెంటు, ఎవరండీ ఈవిడ అన్నాడు. మా అత్త అన్నాను. అయితే ఇంట్లో మనిషే కదా అని రాసేసుకున్నాడు. ఇప్పుడు సోమవారం వాయిదాకల్లా అత్త ఒప్పుదల అఫిడవిట్టు మీద వేలిముద్ర వేయాలి. లేకపోతే నా రిజిస్ట్రేషనే కొట్టేయమంటారట. వాడి పేరు తీయించబోయి నా పేరు పోగొట్టుకునేలా ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి అత్త వరండాలో పేకెట్ల ముందు కూర్చుని ఉంది. ఫోటో ఆమె ముందు పెట్టి ఏమిటిదన్నాను. దాచలేదు. బలిఘట్టం గుడి నుంచి వస్తుంటే కొండబాబు కాళ్ళకి దణ్ణం పెట్టి, బండెక్కించుకుని తీసికెళ్ళాడట. చీర కూడా పెట్టాడట. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. మన కడుపు కొట్టేవాడికి బొట్టెలా పెట్టావన్నాను. చదువురానిదాన్ని మోసం చేశాడని కాగితం మీద రాయిస్తాను, వేలు నొక్కమన్నాను.

"నన్నెవులూ మోసం సెయ్యనేదు" అంది అత్త, చేతిలో పేకెట్టు కింద పెట్టి. "అమ్మా, నీ పేరెట్టుకుంతాను, బొట్టెట్టమ్మా అన్నాడు. బొట్టెట్టమని ఒచ్చినోడికి ఎట్టనంతానేటి? ఆడు అడిగాడు వరాలూ. నువ్వడిగేవేటి?"

నాకు వెంటనే కోపమే వచ్చింది. ఇంట్లో మనిషిని అడిగేదేమిటి అనబోయాను. అది ఆ ఏజెంటు మాట అని నోటిదాకా వచ్చాక గుర్తొచ్చింది.

నేనడగలేదు. మా మరిది పెళ్ళి ఫోటోలో అత్త ముఖం కత్తిరించి ప్రెస్సుకిచ్చాను. పేకెట్లు అచ్చయి వచ్చాక చూపించి, బాగున్నావా అత్తా అని నవ్వాను. ఆమె ఏమీ అనలేదు, అంటే సరేననుకున్నాను.

"సంతలో పిల్ల గుంటలు నా ఎనకాల పేకెట్టమ్మా, పేకెట్టమ్మా అని అరిసేవోరు" అంది అత్త. "సిగ్గేసి ఆరు నెల్లు సంతకెల్లనేదు. నీకు తెల్దు. కొట్లు తిరగడంలో ఉన్నావు."

ఆ ఆరు నెలలు నాకు గుర్తున్నాయి. మోకాళ్ళ నొప్పులంటే నిజమేననుకుని నూనె సీసా తెచ్చిచ్చాను. ఇన్నాళ్ళూ కొండబాబుని తిట్టుకున్నదాన్ని, ఆ క్షణాన నా మీద నాకే అసహ్యమేసింది.

మర్నాడు పొద్దున్నే తలంటుకుని, ఇత్తడి పళ్ళెంలో ఆకూ వక్కా అరటిపళ్ళూ పెట్టుకుని అత్త ముందు కూర్చున్నాను. పిల్లనడగడానికి వచ్చినట్టుందని మావయ్య నవ్వారు. నేను నవ్వలేదు, పళ్ళెం అత్త ముందుకి జరిపాను.

"అత్తా, నీ పేరూ నీ బొమ్మా నా పసుపు మీద పెట్టుకుంటాను. పెట్టుకోనిస్తావా?"

అత్త అరటిపళ్ళు పక్కకి జరిపింది. తర్వాత ఆకులు తీసుకుని కళ్ళకద్దుకుంది.

"ఎట్టుకో. కొండబాబుకి ఎట్టిన బొట్టు మాత్తరం నాను సెరపను. ఆడు బాగుండాలనే ఎట్టాను. ఆడికీ తల్లుంది కదేటి? ఆ తల్లి బొమ్మ ఎట్టుకోమని సెప్పు."

లాయరు గారు టైపు చేయించిన ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేసింది. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ఊపిరి పీల్చుకుని లాయరు గారి ఆఫీసుకి పరిగెత్తాను. ఆయన విప్పి చూసి, కాగితం నా వైపు తిప్పారు. వేలిముద్ర సరిగ్గానే పడింది. ఇంట్లో నేను స్టాంపు పేడ్ మూత పెట్టుకునే లోపలే అత్త కాగితానికి పైనా కిందా కుంకుమ బొట్లు పెట్టేసింది. మడతలో అది నలిగి, వేలిముద్ర మీదుగా నా పేరు మీదుగా ఎర్రగా పాకింది.

"ఇది కోర్టులో ఎలా ఇవ్వనండీ?" అన్నారాయన. "కొత్త స్టాంపు పేపరు మీద మళ్ళీ రాయించండి."

మళ్ళీ స్టాంపు వెండరు, మళ్ళీ టైపు, మళ్ళీ ఇల్లు. వరండాలో అత్త నా చేతిలో కాగితం చూసి ఏటయిందంది. చెప్పాను. బేగి వేలు నొక్కు అత్తా, ఈసారి బొట్టొద్దు, నీకు దణ్ణం పెడతానన్నాను.

అత్త చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి జారగిలబడి కూర్చుంది.

"ముందు ఇంకోపాలి అడుగు" అంది. "ఇనడానికి బాగుంది."