ఉస్తాద్ వామన్‌రావు

దేశ విభజనప్పుడు సింధు నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లను పురానాపూల్ దగ్గర రేకుల షెడ్లలో ఉంచారు. కసరత్తు చేస్తే వాళ్ల దుఃఖం పోతుందని మా వీధి వామన్‌రావు గారికి తోచింది. ఆయన శరణార్థుల సహాయ సంఘానికి కార్యదర్శి. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతారు. అయినా చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా!

రోజూ పొద్దున ఆయన కుర్చీలో కూర్చుని ఈల ఊదేవారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్లు చేతులెత్తి దించేవారు, గెంతేవారు, నవ్వమంటే నవ్వేవారు. కాదంటే షెడ్డు ఖాళీ చెయ్యమంటారేమోనని భయం. రుక్మిణీబాయి అనే ముసలమ్మ కూడా గెంతేది. ఆమె కూతురు కాన్పులో పోయింది. ఆ పసివాడు సంఘం పోయించే పాల మీదే బతుకుతున్నాడు.

నెల తిరక్కుండానే వామన్‌రావు గారికి ఫలితం కనబడింది. "ఇంత హుషారుగా గెంతేవాళ్లకు ధర్మపు పాలెందుకు?" అని పాలు ఆపించేశారు. పొదుపు చేశారని సంఘంవాళ్లు దండ కూడా వేశారు. నాకైతే ఒళ్లు మండింది.

రుక్మిణీబాయి ఏడుస్తూ పాలు పోసే పెంటయ్య దగ్గరికి పోయింది. అతను ధూల్‌పేట తాలీంలో కుస్తీ నేర్చినవాడు.

"నా దగ్గర ఏడిస్తె ఏమొస్తదమ్మా? మా తాలీంల కసరత్ చేపిచ్చినోడే ఉస్తాద్. చేసినోళ్లకు పాలు తాపుడు ఆయన జిమ్మేదారి. తాపకుంటే బస్తీల ఇజ్జత్ ఉండదు. పోయి ఆయనకు ఉస్తాద్ పాగా చుట్టుర్రి!"

మర్నాడు షెడ్ల జనమంతా గ్లాసులతో వామన్‌రావు గారి వాకిట్లో ఉన్నారు. రుక్మిణీబాయి ఆయన తలకు ఎర్ర పాగా చుట్టి "ఉస్తాద్‌జీ" అని పాదాలు ముట్టుకుంది. పాపం, ఆమెకు వేళాకోళం తెలియదు, నిజంగానే మొక్కింది. కొత్త ఉస్తాదు పాలు పోస్తాడా లేదా చూద్దామని పెంటయ్య తాలీం పహిల్వాన్లంతా అరుగు ముందు నిలబడ్డారు.

"ఏందండీ ఈ లొల్లి?" అంటూ భార్య సులోచన బయటికొచ్చి పసివాణ్ని చూసింది. వాడికి ఏడ్చే ఓపిక కూడా లేదు. ఆమె లోపలికి పోయి ఇంట్లో పాలన్నీ తెచ్చి పోసింది. ఆ రోజు ఆయనకు కాఫీ లేదు. మర్నాడూ లేదు.

మూడో రోజు ఆయన సంఘానికి పరుగెత్తారు. "కసరత్తుతో వాళ్లు మరీ నీరసపడ్డరు. వెంటనే పాలు పోయించాలె!" అన్నారు. ఇంటి పాలు పోతేగానీ ఆయనకు ఎదుటివాళ్ల ఆకలి కనబడలేదు.

ఇప్పుడు ఈల లేదు, గెంతడం లేదు. రుక్మిణీబాయి పొద్దున్నే పసివాడికి పాలు తాపి, ఎండలో ఊరికే కూర్చుంటోంది.